ఉప్పునీటికి మంచినీరు కలిపినచో ఖర్చెంత?

పులుసులో ఉప్పు ఎక్కువైనచో మన యిండ్లలో తల్లులు కొంచెము నీరు పోయుదురు. రుచి సరిపడును. కాని గిన్నెలోని ఉప్పు రవ్వంతయైనను తగ్గలేదు. పులుసు మాత్రము పెరిగినది. మరల చింతపండును, కారమును చేర్చవలసివచ్చినది. ఉప్పుబావి నీటికి ఏటినీరు కలిపి వాడుకొందమని తలచువారు ఈ చిన్న సంగతిని మరువరాదు.

హుమ్మ గ్రామము గంజాము పట్టణమునకును రంభకును నడుమ, సముద్రతీరమునకు సమీపమున నున్నది. ఇచ్చటి ఉప్పుమళ్లను ఎరుగనివా రెవరు? సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. ఆ నీటిలో ఇంచుమించు పదింట తొమ్మిది పాళ్లు ఆవిరియైనగాని ఉప్పు గడ్డకట్టదు. అందులకు ఎండయు, గాలియు ఎన్నో దినములు పనిచేయవలెను. నడుమ ఒక్క పెద్దవాన కురిసెనా, కూలివాని శ్రమ కరగిపోవును. కలుపుట క్షణములో నగు పని. విడదీయుట దినములు పట్టు పని. మన పాఠమునకు ఇదియే మూలము.

ఇక లెక్క చూతము. త్రాగునీటిలో కరిగియున్న పదార్థములు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించకుండుట మేలని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. వేరు నీరు దొరకనిచోట 2000 వరకు అనుమతించుచున్నది. ఏటినీటిలో 200, ఒక బావినీటిలో 3000 మిల్లీగ్రాములు కలవనుకొందము. రెంటిని సమముగా కలిపినచో 1600 అగును. దానిని 500కు దింపవలెనన్న, 3 బిందెల బావినీటికి 25 బిందెల ఏటినీరు కావలెను. విద్యార్థులు పలకపై వేసి చూచుకొనవచ్చును: 25ను 200చే హెచ్చింపగా 5000, 3ను 3000చే హెచ్చింపగా 9000, మొత్తము 14000ను 28 బిందెలకు పంచగా 500.

ఈ బేరములో మనకు దక్కినదేమి? మూడు బిందెలు. పోయినదేమి? ఇరువదియైదు బిందెల తేటనీటి తియ్యదనము. ఆ మూడు బిందెలను ఇల్లు కడుగుటకు విడిగా వాడుకొనియున్నచో, ఇరువదియైదు బిందెలు త్రాగుటకు తేటగనే మిగిలియుండెడివి. సముద్రపు నీరే అయినచో ఒక్క బిందెకు 115 బిందెల ఏటినీరు చాలవలసి యుండును!

అయినను కలుపుట ఎల్లప్పుడును తప్పని మేము చెప్పము. బావినీటిలో 800 మిల్లీగ్రాములే యున్నచో, బిందెకు బిందె చొప్పున కలిపిన చాలును; లాభము ప్రత్యక్షము. ఉప్పు స్వల్పమై, మంచినీరు సమృద్ధిగా నున్నచోట ఇది మంచి ఉపాయము. ఉప్పు హెచ్చినకొలది ఖర్చు మిక్కిలి వేగముగా పెరుగును.

నీరు గాక వేరు ఖర్చులును కలవు. రెండుచోట్లనుండి నీరు తోడుటకు రెండు పంపులు, రెండు గొట్టపు వరుసలు, కలుపుటకు ఒక తొట్టి, విద్యుత్తు, మాటిమాటికి పరీక్ష కావలెను. వేసవిలో బావి ఉప్పదనము పెరుగును, ఏరు సన్నగిల్లును. వర్షకాలమున కుదిరిన పాళ్లు అప్పుడు కుదరవు.

తీరగ్రామములకు మరియొక అపాయము కలదు. ఇసుకనేలలో మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్న, క్రింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలుచునని గైబెన్, హెర్ట్జ్‌బెర్గ్ అను ఐరోపా పండితులు కనుగొనిరి. కలుపుటకై తీరపు బావులలోని మంచినీటిని అధికముగా తోడినచో, పైన ఒక్క అడుగు తగ్గినంతనే క్రిందినుండి ఉప్పు ఎగబ్రాకును. ఉప్పును తగ్గింపబోయి ఉప్పును పిలిచినవార మగుదుము.

పొలములో నీరు ఆవిరియగును, ఉప్పు నేలలోనే నిలుచును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగిన భూమి చవుడు పట్టును. కావున రెండు నీళ్లను కలుపుటకంటె, మొలకకును లేతపైరునకును మంచినీటిని, ముదిరిన పైరునకు ఉప్పునీటిని వేర్వేరుగా పెట్టుట పెక్కుచోట్ల మేలని నీటిశాస్త్రజ్ఞులు తెలిపిరి. అందులకు ఉప్పును ఓర్చు పైరు కావలెను; మురుగుకాలువయు ఉండవలెను. లేనిచో వానలు కురిసినను నేల శుద్ధి గాదు.

విద్యార్థులారా! మీ యింటి బావినీటిని పరీక్షింపించి, ఆ అంకెను ఒక కాగితముపై వ్రాసికొని, పై లెక్కను మీరే వేయుడు. పిదప మీ తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు. తల్లిదండ్రులారా! ఊరిలో ఎవరైనను "రెండు నీళ్లు కలిపిన సరి" అనినప్పుడు, "ఎన్ని బిందెలకు ఎన్ని బిందెలు?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికినపిదపనే గొట్టములకు సొమ్ము వెచ్చింపుడు. వేసవిలో మంచినీటి బిందెను మోయుచు వచ్చు తల్లి శ్రమకు విలువ కట్టుట ఆ లెక్కతోనే మొదలగును.