క్లిక్కులు ఆపండి, రింగు మార్చండి

నిన్నటిదాకా పదిలో పడ్డ పెల్లెట్ ఇవాళ కాస్త కిందికి, తొమ్మిదిలో పడుతోంది. ఎయిర్ రైఫిల్ పట్టిన కుర్రాడు అప్పుడేం చేస్తాడు? వెనక సైట్ నాబ్‌ని రెండు క్లిక్కులు తిప్పుతాడు. గురి మళ్లీ మధ్యకొస్తుంది. హమ్మయ్య అనుకుంటాడు. వారం తిరక్కుండానే మళ్లీ జారుతుంది. మళ్లీ రెండు క్లిక్కులు. కొన్నాళ్లకి ఆ క్లిక్కులకీ లొంగదు. అక్కణ్నుంచి అనుమానం తనమీదికే మళ్లుతుంది. ఊపిరి సరిగ్గా ఆపడం లేదేమో, ట్రిగ్గర్ గుంజేస్తున్నానేమో, అసలు ఈ ఆట నాకు రాదేమో! ఇంత జరిగినా రైఫిల్ లోపలున్న గోరంత రబ్బరు రింగు వైపు ఎవరి చూపూ పోదు.

తప్పుతో సర్దుకుపోవడం వేరు, తప్పును సరిచేయడం వేరు. సర్దుకుపోవడంలో ఫలితం వెంటనే కనిపిస్తుంది, అందుకే దానికి తొందరగా అలవాటు పడిపోతాం. ఆ అలవాటు మన నేర్పునే తినేస్తుంది. చెడింది వస్తువైతే, దానికి తగ్గట్టు మంచి భంగిమను, మంచి శ్వాసను కూడా మార్చేసుకుంటాం. కుక్కర్ గ్యాస్కెట్ వదులై అన్నం ఉడక్కపోతే ఇంట్లో ఎవరూ బియ్యాన్ని తిట్టరు. అంత మామూలు వివేకం మన విషయంలో మనకెందుకు ఉండకూడదు?

ఆ చిన్న లోపం ఖరీదెంతో లెక్క వేద్దాం. 10 మీటర్ల పోటీ రైఫిల్‌లో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ సెకనుకు సుమారు 175 మీటర్ల వేగంతో వెళుతుంది. ఆ కాస్త దూరంలోనే భూమి దాన్ని దాదాపు 16 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. సైట్‌ను కట్టేది ఆ లెక్కకే. ఆ రింగు, అంటే గాలిని ఆపే సీల్, దగ్గర గాలి తప్పించుకుని వేగం 165కి పడిపోయిందనుకోండి, పెల్లెట్ 18 మిల్లీమీటర్లు దిగుతుంది. తేడా 2 మిల్లీమీటర్లే. కానీ టార్గెట్ కాగితం మీద పది అంటే అర మిల్లీమీటరు చుక్క. వలయానికీ వలయానికీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. దశాంశాల్లో చూస్తే ఆ 2 మిల్లీమీటర్లకి 0.8 పాయింటు పోతుంది, అదీ ఒక్క గుండుకి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచాడు. రజతం అందుకున్న ఇటలీ షూటర్ నికోలో కాంప్రియాని స్కోరు 701.5. డెబ్బై గుళ్లు పేల్చాక ఇద్దరికీ తేడా 0.4. ఆ స్థాయిలో ఆడేవాళ్లకి సీల్ చిన్న విషయం ఎలా అవుతుంది?

లీకులు రెండు రకాలు. ఒకటి చెప్పి చేసే లీకు. గాలి నింపిన సిలిండర్‌తో పనిచేసే రైఫిళ్లలో 200 బార్ల దాకా ఒత్తిడి ఉంటుంది. సిలిండర్ మెడ దగ్గర రింగు పాడైతే రాత్రికి రాత్రే గేజి ముల్లు దిగిపోతుంది. పడుకునే ముందు ముల్లు ఎక్కడుందో రాసిపెట్టుకుని, తెల్లారి అదే వేళకి, అదే గదిలో చూస్తే చాలు. చల్లబడితే గాలి ఒత్తిడి దానంతటదే కాస్త తగ్గుతుంది కాబట్టి వేళ మార్చి చూస్తే మోసపోతాం. అనుమానమున్న అతుకు మీద సబ్బు నురగ రాస్తే బుడగలే చోటు చూపిస్తాయి.

రెండోది చెప్పకుండా చేసే లీకు. పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి నెట్టే బోల్టు కొసన ఒక సన్నని రింగు ఉంటుంది. అది అరిగినా గేజి ముల్లు కదలదు, ఎందుకంటే అక్కడ గాలి పోయేది పేలే ఆ ఒక్క క్షణంలోనే. సాక్ష్యమంతా టార్గెట్ కాగితం మీదే. బ్యారెల్ మడిచి స్ప్రింగు ఎక్కించే రైఫిల్‌లో ఈ పని బ్రీచ్ సీల్‌ది. దాని పరీక్ష మహా తేలిక. బ్యారెల్ మూసిన అతుకు మీద సన్నని టిష్యూ కాగితం ముక్క పెట్టి, పెల్లెట్ వేసి, టార్గెట్ వైపే పేల్చండి. కాగితం ఎగిరిందా, సీల్ పోయినట్టే. పెల్లెట్ లేకుండా మాత్రం స్ప్రింగు రైఫిల్‌ను పేల్చకండి. ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా వెళ్లి గోడకి కొట్టుకుంటుంది.

మనుషుల్లోనూ ఎక్కువ నష్టం చేసేది ఈ రెండో రకమే. బోర్డు సరిగ్గా కనపడని పిల్లవాడు పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటాడు, మార్కులు తగ్గితే రాత్రి ఇంకో గంట కూర్చుంటాడు. కావలసింది కళ్లజోడు. నెలాఖరున లెక్క తేలని గుమాస్తా ఆ మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో పడేస్తాడు. వచ్చే నెల అది పెరుగుతుంది. నిద్ర చాలని ఉద్యోగి ఇంకో కప్పు టీ తాగుతాడు. ఇవన్నీ క్లిక్కులే. ఈ నెలలో మీరు మళ్లీ మళ్లీ తిప్పిన క్లిక్కు ఏదో ఒక కాగితం మీద రాయండి. రెండోసారి తిప్పాల్సి వచ్చిన చోట చెయ్యి ఆపి, మూత తీసి చూడాలి. ముందు చవకైనదాన్ని, తేలిగ్గా మార్చగలిగినదాన్ని పరీక్షించండి. మీ సామర్థ్యాన్ని అనుమానించడం చిట్టచివర.

1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకే ఏడుగురితో సహా ముక్కలైంది. బూస్టర్ రాకెట్ అతుకులో చలికి సాగే గుణం తగ్గిన ఓ-రింగు దానికి కారణం. ఈ కథ చాలామందికి తెలుసు. నన్ను కలచివేసేది దాని వెనకటి చరిత్ర. 1981 నవంబరులో స్పేస్ షటిల్ కార్యక్రమంలో రెండో ప్రయాణం ముగిశాక బూస్టర్లను విప్పి చూసినప్పుడే వేడి వాయువులు ఒక రింగును కొంత తినేసినట్టు కనిపించింది. ఆ తరవాత కూడా కొన్ని ప్రయాణాల్లో కనిపించింది. వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగొస్తూ ఉండటంతో అది మామూలు సంగతుల్లో కలిసిపోయింది. ప్రయోగానికి ముందురోజు రాత్రి ఆ రింగుల సంగతి తెలిసిన ఇంజనీర్లు చలిలో వద్దని వాదించినా వారి మాట నెగ్గలేదు. ‘ఇంతవరకూ ఏమీ కాలేదుగా’ అన్న మాట మీ నోటివెంట వచ్చిన ప్రతిసారీ ఆ ఏడుగురినీ గుర్తు చేసుకోమని వేడుకుంటున్నాను.

ఇక రింగు మార్చే పని. పెల్లెట్ లేదని చూసి, గాలి పూర్తిగా దించేశాకే స్క్రూ ముట్టుకోండి. స్ప్రింగు రైఫిల్ పిస్టన్ సీల్‌ను మాత్రం ఇంట్లో విప్పొద్దు. లోపల స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది, వదిలితే మొహం పగులుతుంది. అది చేయి తిరిగిన మెకానిక్ పని. బయటి రింగులు మనం మార్చుకోగలం. పాత రింగును సూదితో, స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. గాడి మీద గీత పడితే కొత్త రింగు కూడా కారుతుంది. చెక్క టూత్‌పిక్ చాలు. తీసిన రింగును వేళ్ల మధ్య తిప్పి చూడండి. కొత్తది గుండ్రంగా దొర్లుతుంది. పాతది ఒక పక్క చదునుగా తగులుతుంది, వంచితే సన్నని పగుళ్లు నోరు తెరుస్తాయి. లోపలి వ్యాసం, మందం, రబ్బరు రకం మూడూ కలిస్తేనే కొత్తది కొనండి. కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టండి.

నూనె విషయంలో గట్టిగా చెప్పాలి. ప్రేమకొద్దీ కుట్టుమిషన్ నూనె పోసేవాళ్లున్నారు. స్ప్రింగు రైఫిల్‌లో గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కినప్పుడు ఆ నూనె డీజిల్ ఇంజన్‌లోలా అంటుకుని సీల్‌ను కాలుస్తుంది. 200 బార్ల గాలిలో పెట్రోలియం నూనె అయితే ప్రాణాపాయమే. పాతకాలపు తోలు వాషర్లున్న రైఫిళ్లకి నూనె తడి కావాలి, అదీ తయారీదారు చెప్పినదే, చెప్పినన్ని చుక్కలే.

రేంజి సంచిలో చిన్న నోటు పుస్తకం ఉంచుకోండి. ఏ రింగు ఏ తేదీన మార్చారు, ఆ తరవాత ఎన్ని గుళ్లు పేల్చారు, సిలిండర్ గడువు ఎప్పుడు అన్నవి చాలు. పోటీ నిబంధనల ప్రకారం సిలిండర్ గడువు గరిష్ఠంగా పదేళ్లు, దాన్ని చూసుకునే బాధ్యత క్రీడాకారుడిదే. అదనపు రింగులు ఎండ తగలని చోట కవర్లో పెట్టుకోండి. నైట్రైల్ రబ్బరు ఎండకీ ఓజోన్‌కీ పగులుతుంది. పోటీకి ముందురోజు మాత్రం ఏదీ మార్చకండి. కొన్ని వారాల ముందే మార్చి, కొత్త రింగు సర్దుకునేదాకా సాధన చేయండి. ఆ సాధన మొదలుపెట్టే ముందు, ఇన్నాళ్లూ తిప్పిన క్లిక్కులన్నీ వెనక్కి తిప్పి, సైట్‌ను పాత గుర్తుకి తెచ్చి, అక్కణ్నుంచి కొత్తగా జీరో చేసుకోండి.