మాల వేయించే ముందు బిడ్డను ఒకసారి డాక్టరుకు చూపించండి



కచుని కథ మన వీడియోలో విన్నారు కదా. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిద సురలో కలిపి ఇస్తే శుక్రాచార్యుల వారంతటి జ్ఞాని కూడా తెలియకుండా తాగేశారు. శిష్యుడు గురువు కడుపులోకి పోయాడు. దేవయాని ఎంతో ఏడ్చింది. అయితే కచుణ్ణి బతికించింది తండ్రికి తెలిసిన మృతసంజీవని విద్య. ఇవాళ మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఎన్నో ఇళ్లల్లో ఆ ఏడుపు ఉంది. విద్య తెలిసినవాళ్ల దగ్గరికి మాత్రం పోతలేరు. ఎయిమ్స్ వారు చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అందులో ఉంది.

మనవాళ్లు చేసేదేమిటి? పిలగాడు తాగుతున్నాడని తెలియగానే వేములవాడ రాజన్నకు కోడె మొక్కుతారు, కొండగట్టు అంజన్న మాల వేయిస్తారు, లేకుంటే అయ్యప్ప మాల. ఇది తప్పని నేను అనను. తెల్లారి లేవడం, చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, తోటి స్వాముల సాంగత్యం, వీటికి బలం ఉంది. కానీ ఒక ప్రమాదం ఉంది, అది చాలామందికి తెలియదు.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే శరీరం తట్టుకోదు. మొదటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి లేనివి కనిపిస్తాయి, మనుషుల్ని గుర్తుపట్టరు, ఒళ్లంతా చెమటలు. ఇంట్లోవాళ్లు దేవుడు పూనాడనో, గాలి సోకిందనో అనుకుంటారు. అది ప్రాణం తీసే జబ్బు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆదిలాబాద్ రిమ్స్‌లో గానీ, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ మాల వేసుకునే ముందే చూపిస్తే, మానడం ఎట్లా మొదలుపెట్టాలో వాళ్లు చెబుతారు. మందులతో మెల్లగా దింపుతారు.

కల్లు సంగతి కూడా చెప్పాలి. చెట్టు నుంచి దింపిన ఈత కల్లు వేరు, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు వేరు. 2015లో సర్కారు దాడులతో ఆ కల్లు ఆగినప్పుడు నిజామాబాద్ దిక్కు ఆసుపత్రులకు మనుషులు వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో వచ్చారు. ఆల్ప్రాజోలం నిద్ర మాత్ర జాతిది. అలవాటైన ఒంటికి దాన్ని హఠాత్తుగా ఆపితే ఇట్లాగే అవుతుంది. 'కల్లే కదా' అని తేలిగ్గా తీసుకోకండి.

గంజాయి సంగతి వేరు. మానితే ప్రాణం పోదు, వారం రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి ఉండదు. అయితే కొందరు పిల్లలకు చెవుల్లో మాటలు వినిపిస్తాయి, అందరి మీదా అనుమానం పుడుతుంది. తాయెత్తు కట్టిస్తే తగ్గదు, మానసిక వైద్యుడికి చూపించాలి.

ఇక తల్లులు చేసే ఒక పని. మందు మానిపించే మాత్ర తెచ్చి మజ్జిగలోనో పప్పులోనో చెప్పకుండా కలిపి పెడతారు. అమ్మా, దయచేసి ఆ పని చేయొద్దు. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆ మాత్ర అతనికి చెప్పి, డాక్టరు చూసి ఇచ్చేదే. ఊరూపేరూ లేని నాటు పొడులైతే అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. గొలుసుతో కట్టేయడం సంగతంటారా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది.

పోలీసు కేసవుతుందేమోనని నోరు విప్పని తండ్రులున్నారు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, తక్కువ పరిమాణం దొరికినందుకో కేసైన బానిస తానుగా ముందుకొచ్చి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే అతనిపై ఆ విచారణ ఉండదు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు.

ఎవరికీ చెప్పుకోలేకపోతే ముందు ఫోన్ చేయండి. మత్తు మానిపించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాధకు టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. తల్లిదండ్రులు తమ కోసం కూడా చేయవచ్చు.

అసలు కష్టం నలభై రెండో రోజున. మాల తీసిన సాయంత్రమే పాత దోస్తులు బండి మీద ఇంటి ముందుకొస్తారు. మళ్లీ తాగితే 'దేవుణ్ణి మోసం చేశిండు' అని ఊరంతా అంటుంది, ఆ సిగ్గుతో ఇంకా తాగుతాడు. ఇది మళ్లీ మళ్లీ తిరగబెట్టే జబ్బని డాక్టర్లే చెబుతారు. షుగరున్నవాడు ఒకరోజు స్వీటు తింటే ఇంట్లోంచి వెళ్లగొట్టం కదా! మాల తీసే తేదీ మనకు ముందే తెలుసు. కాబట్టి ఆ వారంలోనే మళ్లీ రమ్మని ఓపీ చీటీ మీద రాయించుకోండి, ఆ సాయంత్రం మేనమామో, పెద్దనాన్నో ఇంట్లో ఉండేటట్టు ఇప్పుడే మాట్లాడుకోండి.