కాలేజీని చూడకుండా ఆప్షన్ పెట్టకు

హౌసింగ్ బోర్డు కాలనీ,
మౌలాలి.

చిరంజీవి చిట్టికి,

ఇంజనీరింగ్ ఎంట్రెన్స్‌లో ర్యాంకు 22 వేల చిల్లర వచ్చిందని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పిండు. మంచి ర్యాంకే, బాధపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారట. నాన్న ఎక్కడైనా సరే సీఎస్ఈ కావాలంటున్నాడు, అన్న ఏఐ ఎంఎల్ తప్ప ఇంకోటి వద్దంటున్నాడు, అమ్మకేమో జనగామ నుంచి నువ్వు ఎక్కువ దూరం పోకూడదు. నువ్వు మాత్రం "మామ ఏమంటే అది" అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదు బిడ్డా. నాలుగేళ్లు పొద్దున్నే లేచి పోవాల్సింది నువ్వు. అందుకే ఫోన్లో ఫలానా కాలేజీ పెట్టుకో అని తేల్చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నా. ఎట్లా చూసుకోవాలో చెప్తా, చూసుకునేది నువ్వే.

పాలిటెక్నిక్‌లో పనిచేసినన్నాళ్లూ కౌన్సెలింగ్ రోజులొస్తే నాకు హెల్ప్‌లైన్ సెంటర్ డ్యూటీ తప్పేది కాదు. సర్టిఫికెట్లు చూసి సంతకం పెట్టడం నా పని. పిల్లలు ఫైలుతో, వెనక తండ్రులు జిరాక్సుల కవర్లతో వచ్చి నిలబడేవాళ్లు. ఏ కాలేజీ అనుకున్నావు అంటే టక్కున పేరు చెప్పేవాళ్లు. పోయి చూశావా అంటే చాలామంది తల అడ్డంగా ఊపేవాళ్లు. చీర కొనడానికి నాలుగు దుకాణాలు ఎక్కి దిగుతాం, నాలుగేళ్ల చదువుకు మాత్రం ఈసీఐఎల్ చౌరస్తాలో హోర్డింగు చూస్తే చాలనుకుంటాం.

హోర్డింగు మీది లక్షల ప్యాకేజీ ఒక్క పిల్లకో పిల్లగాడికో వచ్చింది. మిగతావాళ్ల సంగతి కావాలంటే కాలేజీ వెబ్‌సైటులో ఎన్ఐఆర్ఎఫ్ అనే మూలకు పో. ఆ ర్యాంకింగ్‌కు దరఖాస్తు పెట్టిన ప్రతి కాలేజీ తన లెక్కలు అక్కడ పెట్టాలి. ర్యాంకు రాకపోయినా లెక్కలు ఉంటాయి. మొదటి సంవత్సరంలో ఎంతమంది చేరారు, గడువులోపు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత, అన్నీ వరసగా ఉంటాయి. మీడియన్ అంటే జీతాలన్నీ పేర్చితే సరిగ్గా నడిమిది. నన్నడిగితే అంతకంటే ముందు, చేరినవాళ్లలో ఎంతమంది టైముకు బయటపడ్డారో చూడు. ఆ లెక్కను ఏ కాలేజీ హోర్డింగు మీద వేయించదు.

న్యాక్ గ్రేడు చూపించి మురిపిస్తారు. అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు. కాబట్టి "ఎన్‌బీఏ ఉందా" అని ఊరికే అడగకు, నేను చేరబోయే బ్రాంచికి ఉందా, ఏ సంవత్సరం దాకా ఉంది అని అడుగు. అటానమస్ అంటే పేపరు వాళ్లే ఇచ్చి వాళ్లే దిద్దుతారు, డిగ్రీ యూనివర్సిటీది. పట్టింపు ఉన్న చోట అది వరం. లేని చోట మార్కులు వస్తాయి, చదువు రాదు.

బ్రాంచి గొడవ అన్నతో నేను మాట్లాడతా. ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లే అన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి తీసేసింది. కాలేజీలు సివిల్, మెకానికల్ తగ్గించుకుని సీఎస్ఈ సెక్షన్లు పెంచుకుంటూ పోయాయి. సెక్షన్లు పెరిగినంత తొందరగా చెప్పేవాళ్లు పెరగరు. సీఎస్ఈ అయినా, ఏఐ ఎంఎల్ అయినా, డేటా సైన్స్ అయినా డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ తప్పవు. తేడా చివరి ఏడాదుల్లో కొన్ని సబ్జెక్టుల్లోనే ఉంటుంది. బోర్డు మీద కొత్త పేరు ఉందని మంచి కాలేజీ వదిలి నాసిరకం కాలేజీకి పోవడం తెలివితక్కువ. మంచి చోట ఈసీఈ వస్తే నేనైతే దాన్ని పైన పెడతా. ఎలక్ట్రికల్ మాస్టారు కాబట్టి అట్లనే అంటాడు అని మీ అన్న నవ్వుతాడు, నవ్వనీ.

ఇక కాలేజీ చూడటం ఎట్లాగో చెప్తా. ఆదివారం పోకు, క్లాసులు నడిచే రోజు మధ్యాహ్నం రెండు దాటాక పో. బ్రోచరు ఇచ్చే పీఆర్వో దగ్గర టైము వృథా చేయకు, నేరుగా ల్యాబ్ చూపించమను. ఒకసారి ప్రాక్టికల్స్‌కు ఎక్స్‌టర్నల్‌గా ఒక కాలేజీకి పోయిన, పేరెందుకు లే. ల్యాబ్ అద్దంలా ఉంది. సీఆర్ఓ ఆసిలోస్కోపుల మీద కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. రికార్డులు ముత్యాల్లాంటి రాత. తిప్పి చూస్తే అందరి రీడింగులూ ఒకటే, దశాంశం తర్వాతి అంకె దాకా ఒకటే. ఒక పిల్లగాణ్ణి పిలిచి సర్క్యూట్ కలపమంటే వోల్ట్‌మీటర్ తీసుకొచ్చి సిరీస్‌లో కలిపిండు. ప్యారలల్‌లో కలపాలని థియరీ పేపర్లో అతనే రాసి ఉంటాడు. చేత్తో ఎన్నడూ కలపలేదు, అంతే. వాడి తప్పేం లేదు, మూడేళ్లు ఆ బల్ల ముందు వాణ్ణి ఎవరూ నిలబెట్టలేదు.

అందుకే మెరిసే ల్యాబ్‌ను నమ్మకు. వైర్లు కొంచెం చిందరవందరగా, బల్లలు గీతలు పడి, నాబ్ మీది అంకెలు చెరిగిపోయి ఉంటే అక్కడ పిల్లలు పనిచేస్తున్నట్టు లెక్క. కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక వరస సిస్టమ్స్ ఆన్ చేసి చూపించమను, ఎన్ని లేస్తాయో చూడు. తర్వాత బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డ సీనియర్ ఆడపిల్లల్ని రెండు ప్రశ్నలు అడుగు. మ్యాథ్స్ చెప్పే సార్లు సెమిస్టర్ నడుమ ఎన్నిసార్లు మారారు? సాయంత్రం ల్యాబ్ ఆలస్యమైతే ఇంటికి ఎట్లా పోతారు? వాళ్లు అబద్ధం చెప్పరు, వాళ్లకేం లాభం.

దారి సంగతి మీరంతా తేలిగ్గా తీసుకుంటున్నారు. గండిపేట సీబీఐటీ, బాచుపల్లి వీఎన్ఆర్ పెద్ద పేర్లే. నువ్వు మా ఇంట్లో ఉండి చదవాలంటే అవి నగరానికి ఆ చివర, మనం ఈ చివర. రోజూ నాలుగు గంటలు రోడ్డు మీద పోతే చదివేది ఎప్పుడు? అక్కడ సీటొస్తే హాస్టల్‌లో ఉండాలి, ఆ ఖర్చు కూడా ఇప్పుడే లెక్క వేసుకోండి. ఇక్కడి నుంచి ఘట్‌కేసర్ వైపు శ్రీనిధి, విజ్ఞాన భారతి ఉన్నాయి, కీసర దారిలో చీర్యాల్ గీతాంజలి ఉంది. 2024 మార్చిలో ఘట్‌కేసర్ దాకా ఎంఎంటీఎస్ మొదలైంది, కానీ బండ్లు తక్కువ. టైం టేబుల్ చూడకుండా దాన్ని నమ్ముకోవద్దు. ఆర్టీసీలో ఆడపిల్లలకు ఆధార్ చూపిస్తే టికెట్‌కు డబ్బులు లేవు కాబట్టి కాలేజీ బస్సు ఫీజు కట్టే ముందు ఆ లెక్క కూడా చూసుకో. ఇవి మంచివి, అవి కావు అని నేననడం లేదు, పోయి చూసి నువ్వే చెప్పు.

ఎవరికీ తట్టనిది ఒకటుంది. జేఎన్‌టీయూకు జగిత్యాల దగ్గర నాచుపల్లిలో, మంథనిలో, సుల్తాన్‌పూర్‌లో సొంత కాలేజీలున్నాయి. యూనివర్సిటీ కాలేజీలంటే ఫీజు తక్కువ, చెప్పేవాళ్లు యూనివర్సిటీ మనుషులు. ఊరు చిన్నదని సిటీ కాలేజీల కింద పడేస్తారు జనం. నీ ఆప్షన్లలో అవి తప్పకుండా ఉండాలి. అమ్మతో నేను మాట్లాడతా.

అసలు ఇంజనీరింగే కావాలా అని కూడా నిన్ను నువ్వు ఒకసారి అడుగు. నీకు కెమిస్ట్రీ అంటే ప్రాణమని నాకు తెలుసు. చివరి విడతలో మిగిలిన సీటులో ఇష్టంలేని బ్రాంచి చదివేకంటే డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో నిజాం కాలేజీలోనో, కోఠి మహిళా కళాశాలలోనో బీఎస్సీ సీటు తెచ్చుకుని ఎమ్మెస్సీకి ఉస్మానియాకు పోవడం వెయ్యి రెట్లు నయం. నిజాం కాలేజీ 1887 నాటిది, కోఠి కాలేజీ 1924 నాటిది, ఇప్పుడు అది చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం.

ఆప్షన్ల దగ్గర జాగ్రత్త. లాగిన్ పాస్‌వర్డ్ నెట్ సెంటర్ వాడికీ, "మేమే పెట్టిస్తాం అంకుల్" అని ఫోన్ చేసే కాలేజీ మనుషులకూ ఇవ్వొద్దు. తమ కాలేజీని పైకి జరిపి సేవ్ చేస్తే నీ సీటు అక్కడ తేలుతుంది. పోయిన ఏడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి, ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంతో అధికారిక వెబ్‌సైటులోనే ఉంటుంది. దాన్ని ముందు పెట్టుకుని కాగితం మీద జాబితా రాయి. వరస మాత్రం నీ ఇష్టం ప్రకారమే ఉండాలి. నాకు రాదులే అని ఇష్టమైనదాన్ని కిందికి నెట్టొద్దు, పైన పెట్టినంత మాత్రాన కింది సీటు పోదు. యాభై అరవై ఆప్షన్లు పెట్టినా తప్పు లేదు. కానీ చేరనని తెలిసిన కాలేజీ ఒక్కటీ పెట్టకు. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటిది రద్దయిపోతుంది, అది మనసులో పెట్టుకో.

ఫీజు విషయం నాన్నకు చదివి వినిపించు. బీసీలకు 10 వేల లోపు ర్యాంకైతే ఫీజు మొత్తం ప్రభుత్వమే ఇస్తుంది, ఆపైన అయితే 35 వేల దాకానే. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతాది మనమే కట్టాలి, నాలుగేళ్లూ కట్టాలి. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ సీట్లకు ఆ 35 వేలు కూడా రావు. ప్రభుత్వం నుంచి డబ్బులు ఆలస్యమైతే ముందు మీరు కట్టండి అంటారు, సర్టిఫికెట్లు పట్టుకుంటారు. ఒరిజినల్స్ ఉంచుకోకూడదని, చూసి తిరిగివ్వాలని 2018లోనే యూజీసీ చెప్పింది. టీసీ తప్ప ఏదడిగినా, ఇచ్చినట్టు సంతకం, తేదీ, ముద్రతో రసీదు తీసుకో. ట్యూషన్ ఫీజు కాక స్పెషల్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, బస్సు ఫీజు ఎంతెంతో చేరకముందే కాగితం మీద రాయించుకో.

చేరిన తర్వాత మాటలు కొన్నే. ఇంటర్‌లో నిన్ను చదివించారు. స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, వెనక నిలబడే సార్లు. ఇక్కడ చదివించేవాళ్లు ఉండరు. ఫస్ట్ మిడ్ దాకా తెలియదు, ఆ తర్వాత ఒక్కసారి తెలుస్తుంది. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ నడుమ ఉంటే మెడికల్ కాగితం, కండోనేషన్ ఫీజు. 65 కంటే తగ్గితే డిటెయిన్, జూనియర్లతో కూర్చోవాలి. స్కాలర్‌షిప్‌కు కూడా హాజరు చూస్తారు. మొదటి ఏడాది మ్యాథ్స్ సప్లీ పడితే అది నాలుగో ఏడాది దాకా వెంటాడుతుంది, క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలా వాటికి బ్యాక్‌లాగ్ ఉంటే లోపలికే రానివ్వరు. సీ లాంగ్వేజ్ ప్రోగ్రాములు బట్టీ పట్టకు. స్వయంగా టైపు చేయి, తప్పులు రానివ్వు, ఎందుకొచ్చాయో వెతుకు.

పది దాకా తెలుగు మీడియం కదా, మొదటి నెల క్లాసులో సగం అర్థం కాదు. సిగ్గుపడకు. క్లాసయ్యాక సార్ దగ్గరికి పోయి తెలుగులోనే అడుగు, చెప్పని మాస్టారిని నేను చూడలేదు. రాత్రి ఆ పాఠం ఒక పేజీ ఇంగ్లీషులో నీ మాటల్లో రాయి. ర్యాగింగ్ అంటూ ఎవరన్నా మీద పడితే ఓర్చుకోవడం మంచితనం కాదు. 1997 నుంచి దానికి చట్టం ఉంది, యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 పగలూ రాత్రీ పనిచేస్తుంది. నంబరు ఫోన్లో వేసుకో.

వచ్చే వారం క్లాసులు నడిచే రోజు చూసుకుని రా. జనగామలో పొద్దున బండెక్కి, అది చర్లపల్లిలో ఆగితే అక్కడే దిగు, నేను స్టేషన్‌కు వస్తా. మూడు కాలేజీలు తిరుగుదాం. నేను పక్కన ఉంటా, ప్రశ్నలు మాత్రం నువ్వే అడగాలి. ఆదాయం సర్టిఫికెట్‌కు రేపే మీసేవలో దరఖాస్తు పెట్టమని నాన్నకు చెప్పు. పాతది చెల్లదని హెల్ప్‌లైన్ సెంటర్ నుంచి ఎంతమందిని వెనక్కి పంపిన్నో నాకు తెలుసు.

ఉంటా,
మీ మామ