మన గడియారం ఎందుకు మారదు?



అమెరికాలో బంధువులున్న ఇళ్లలో పిల్లలకు ఏటా ఒక సందేహం వస్తుంది. వేసవిలో న్యూజెర్సీ నుంచి పిన్ని ఉదయం 8 గంటలకు ఫోన్ చేస్తే మనకు సాయంత్రం 5:30. నవంబర్ వచ్చాక అక్కడ అదే 8 గంటలకు చేస్తే మనకు 6:30. "వాళ్ల టైం మారింది కదా, మన టైం ఎందుకు మారదు?" అని అడుగుతారు. "అవి అభివృద్ధి చెందిన దేశాలు నాన్నా" అని చెప్పి ఊరుకుంటే, మనం వెనకబడ్డాం కాబట్టి మార్చుకోలేదని పిల్లలు అనుకుంటారు. అసలు కారణం అది కాదు. అక్షాంశాల పాఠంలోనే దానికి జవాబు ఉంది.

అక్కడ ఏం చేస్తారు?

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి జరుపుతారు. దీన్నే డేలైట్ సేవింగ్ టైం అంటారు. దీనివల్ల పగలు ఒక్క నిమిషం కూడా పెరగదు. అందరూ నిద్రలో ఉండగా వచ్చే వెలుతురులో ఒక గంటను సాయంత్రానికి మార్చుకుంటారు, అంతే. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో, బొగ్గు ఆదా కోసం జర్మనీ దీన్ని దేశమంతటా మొదలుపెట్టింది.

తేడా ఎక్కడుంది?

భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల పగటి నిడివి ఏడాది పొడవునా మారుతూ ఉంటుంది. భూమధ్యరేఖకు ఎంత దూరం వెళితే మార్పు అంత ఎక్కువ. జూన్, డిసెంబర్ నెలల్లో పగలు సుమారుగా ఇలా ఉంటుంది:

• లండన్: 16 గంటల 40 నిమిషాలు, 7 గంటల 50 నిమిషాలు
• న్యూజెర్సీ: 15 గంటలు, 9 గంటల 15 నిమిషాలు
• హైదరాబాద్: 13 గంటలు, 11 గంటలు
• సింగపూర్: రెండు నెలల్లోనూ 12 గంటలే

గడియారం మార్చకపోతే జూన్‌లో లండన్‌లో తెల్లవారుజామున 3:45కే సూర్యుడు వచ్చేస్తాడు. ఆ వెలుతురు నిద్రలోనే పోతుంది. హైదరాబాద్‌లో జూన్‌లో కూడా సూర్యోదయం 5:40 ప్రాంతంలోనే. ఆ వేళకు మన వీధుల్లో పాల ప్యాకెట్లు వచ్చేసి ఉంటాయి, వాకింగ్‌కు వెళ్లేవాళ్లు బయల్దేరి ఉంటారు. సాయంత్రానికి మార్చుకోవడానికి మన దగ్గర మిగిలిన వెలుతురు పెద్దగా లేదు. ఢిల్లీ కర్కాటక రేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ తేడా మూడున్నర గంటలు దాటుతుంది. అయినా దేశమంతటికీ ఒకే టైం పాటిస్తున్నాం.

ఎండ మాటేమిటి?

రెండో కారణం వేడి. చలి దేశాల్లో సాయంత్రం ఎండ అంటే పార్కులు, ఆటలు. మనకు మే నెలలో పొద్దు ఎప్పుడు వాలుతుందా అని చూడటమే సరిపోతుంది! అమెరికాలోనే ఉష్ణమండలంలో ఉన్న హవాయి గడియారం మార్చదు. ఎడారి రాష్ట్రం అరిజోనా ఉష్ణమండలంలో లేకపోయినా, అక్కడ చాలా భాగంలో మార్చరు. మండే సాయంత్రాలను ఇంకో గంట పొడిగించుకోవడం వాళ్లకూ ఇష్టం లేదు.

ఆస్ట్రేలియాలో సిడ్నీ గడియారం మారుస్తుంది. ఉత్తర భాగం ఉష్ణమండలంలో ఉన్న క్వీన్స్‌లాండ్ మాత్రం 1992లో ప్రజల ఓటు అడిగింది. ఎక్కువమంది వద్దన్నారు.

మనం కూడా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గడియారాన్ని గంట ముందుకు జరిపాం. యుద్ధం ముగిశాక వదిలేశాం. ఇప్పుడు వేసవిలో ఏం చేస్తున్నాం? ఒంటిపూట బడులు పెడుతున్నాం. ఎండ ముదరకముందే పిల్లలు ఇంటికి చేరుతున్నారు. వాళ్లు గడియారం మారుస్తారు, మనం టైంటేబుల్ మారుస్తాం. ఎవరి ఎండకు తగ్గ ఏర్పాటు వాళ్లది.

ఇంట్లో చేయించండి

ప్రతి నెల 21న ఫోన్‌లోని వెదర్ యాప్‌లో మీ ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను, బంధువులున్న ఊరి వేళలను పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి. పగటి నిడివిని వాళ్లనే లెక్కకట్టమనండి. ఏడాది పూర్తయ్యాక గ్రాఫ్ గీయించండి. ఒక గీత దాదాపు చదునుగా, మరొకటి కొండలా కనిపిస్తుంది. ఈసారి పిన్ని ఫోన్ చేసినప్పుడు టైం ఎందుకు మారిందో మీ పాపే, మీ బాబే ఆమెకు వివరించి చెప్పగలగాలి. పరీక్షలో రాసే జవాబు కన్నా అది ఎక్కువ కాలం గుర్తుంటుంది.