నిశాని చెప్పిన కథ

రాజుల చరిత్ర శాసనాలలో నిలిచి ఉంటుంది. పరుల పొలం దున్ని పొట్ట పోసుకున్న కూలివాని చరిత్ర ఎక్కడ నిలుస్తుంది? ఇంగ్లండు పల్లెలలో జీవించిన తమ పూర్వికులను అన్వేషించేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. దీనికి సమాధానం చాలావరకు జనాభా లెక్కలలోను, వివాహ నమోదు పుస్తకాలలోను లభిస్తుంది.

ఇంగ్లండులో జనాభా గణన 1801లో ప్రారంభమైనది. మొదటి నాలుగు గణనలలో తలల లెక్కే ప్రధానం. 1841 నుండి దేశమంతటా ప్రజల పేర్లతో కూడిన పత్రాలను భద్రపరచారు. ఆ సంవత్సరం 15 ఏండ్లు దాటినవారి వయస్సును అయిదేండ్ల మెట్టుకు తగ్గించి వ్రాయవలెనని నియమం. అందువల్ల 34 ఏండ్లవాడు 30 ఏండ్లవాడుగా కనిపించవచ్చు. 1851 నుండి పుట్టిన ఊరు, కుటుంబ యజమానితో బంధుత్వం కూడా చేరాయి. పదేండ్లకొకసారి వచ్చే ఈ లెక్కలను వరుసగా పరిశీలిస్తే ఒక కుటుంబం పెరగడం, పిల్లలు పనులకు వెళ్ళిపోవడం, చివరకు వృద్ధురాలు ఒంటరిగా మిగలడం తెలుస్తుంది.

వివాహ పత్రం మరొక తరం వెనుకకు తీసుకొనిపోతుంది. 1837 జూలై 1న ఆరంభమైన ప్రభుత్వ నమోదులో వధూవరుల వివరాలతోపాటు వారి తండ్రుల పేర్లు, వృత్తులు కూడా వ్రాసేవారు. అంతకు పూర్వపు వివరాలకు 1538లో మొదలైన చర్చి పుస్తకాలే ఆధారం.

అయితే ఒకే ఊరిలో ఒకే పేరుగలవారు ఇద్దరుండవచ్చు. తొందరపడితే పరుల తాతను తమ తాతగా భావించే ప్రమాదం ఉన్నది. కనుక పుట్టిన ఊరు, తండ్రి పేరు, వృత్తి ఈ మూడింటినీ సరిపోల్చి చూడాలి.

పత్రాల మౌనాన్ని కూడా గుర్తించాలి. ఇంగ్లండు, వేల్సు వివాహ పత్రాలలో తల్లి పేరుకు చోటు లభించింది 2021 మే 4న మాత్రమే. అంతవరకు కనిపెంచిన తల్లి ఆ పత్రానికి వెలుపలనే ఉండిపోయింది.

చదువురాని కూలివాడు తన పెండ్లినాడు సంతకానికి బదులు ఒక అడ్డగీత, దానిపై మరొక గీత గీసేవాడు. పేరు వేరొకరు వ్రాసేవారు. ఆస్తి, సమాధిరాయి ఏవీ మిగల్చని ఆ మనిషి స్వహస్తంతో లోకానికి విడిచిన గుర్తు బహుశా ఆ నిశాని ఒక్కటే. దానిని చదవగలిగిన మనుమడికి అది శాసనంతో సమానం.