చివరికి పండు తినేదెవరు? నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో చేరే ముందు



మామిడికాయ అమ్మిన డబ్బులు చేతికొచ్చే కాలం ఇది. పై తరగతి ఫీజుల లెక్కలు వేసుకునే కాలమూ ఇదే. ఇలాంటప్పుడే బంధువో, స్నేహితుడో, మన పిల్లల తోటి విద్యార్థి వాళ్లమ్మో ఫోన్ చేసి, "వదినా, పార్ట్‌టైమ్ ఆదాయం, ఒక్క గంట మీటింగ్‌కి రండి చాలు" అంటే కాదనడం కష్టం.

అలా పిలిచిన ప్రతివారూ మోసగాళ్లు కారు. సరుకును దుకాణంలో కాకుండా మనుషుల ద్వారా అమ్మడం చట్టబద్ధమైన వ్యాపారమే. దాన్ని డైరెక్ట్ సెల్లింగ్ అంటారు. కొత్తవాళ్లు కట్టే డబ్బుతో పాతవాళ్లకు కమీషన్లు ఇచ్చే గొలుసుకట్టు పథకం మాత్రం నేరం. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి: అదే మీటింగు, అవే చప్పట్లు, అదే కారు ఫొటో. కాబట్టి మాటలు వదిలేసి, డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో అడగండి.

మన ముసునూరు తోటల్లోని కాయనే తీసుకోండి. రైతు, తోట గుత్తకు తీసుకున్నవారు, నున్న మార్కెట్లో కమీషన్ వ్యాపారి, వీధిలో బండిమీద అమ్మేవారు. ఎన్ని చేతులు మారినా అందరి లాభమూ చివరికి చిన్నరసం కొనుక్కుని తిన్నవారి జేబులోంచే రావాలి. వాళ్లు పండు రుచి చూసి డబ్బిచ్చారు, కమీషన్ కోసం కాదు. ఇప్పుడు ఆ తినేవారే లేరనుకోండి. బుట్ట కొన్న ప్రతి ఒక్కరూ మరో ఐదుగురికి బుట్టలు అంటగడితేనే తమ డబ్బు తిరిగొస్తుంది. అది ఇక మామిడి వ్యాపారం కాదు.

ఆ ఐదుగురి లెక్క పిల్లలతో కలిసి కాగితం మీద వేసి చూడండి. 5, 25, 125, 625... తొమ్మిదో వరుసకు 19,53,125 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన ఏలూరు జిల్లా మొత్తం జనాభా సుమారు 20 లక్షలు. అంటే ఉయ్యాలలో పాపతో సహా అందర్నీ చేర్పించాలి! ఈ గొలుసు ఏ వరుసలో ఆగినా, చేరినవారిలో నూటికి 80 మంది ఆఖరి వరుసలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు. కష్టపడనందుకు వాళ్లు నష్టపోలేదు, లెక్కే అలా ఉంది.

చదువు పేరుతోనూ ఇది జరిగింది. 2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు నోయిడాకు చెందిన ఈబిజ్ సంస్థ నిర్వాహకులను అరెస్టు చేశారు. రూ.16,821 కట్టి ఆన్‌లైన్ కోర్సుల ప్యాకేజీ కొనాలి, తర్వాత మరికొందరిని చేర్పిస్తే కమీషన్ వస్తుంది. చేరినవాళ్లలో కాలేజీ విద్యార్థులు చాలామంది. హాస్టళ్లలో ఉంటున్న మీ పెద్దపిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

"కానీ వీళ్ల దగ్గర మంచి సరుకుంది కదండీ?" అని మీరు అడగవచ్చు. సరుకు ఉంటే సరిపోదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే కేసులో ఈ ప్రశ్ననే పరిశీలించింది. సరుకు అమ్ముతున్నా, సభ్యులను చేర్పించడం మీద ఆదాయం వచ్చే ఆ పద్ధతి 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందని చెప్పింది.

ఆ చట్టంలో చాలామందికి తెలియని మాట ఒకటుంది. పథకం పెట్టినవారినే కాదు, అందులో ఇతరులను చేర్పించినవారినీ అది నేరస్థులుగానే చూస్తుంది. మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. "మా పైవాళ్లు చెప్పారు, నేను చేర్పించాను" అనే సమాధానం మిమ్మల్ని కాపాడదు. మీరు చేర్పించే మొదటి ఐదుగురు ఎవరు? చెల్లెలు, తోడికోడలు, పక్కింటివారు, స్కూలు వాట్సాప్ గ్రూపులోని తల్లులు. డబ్బు పోతే ముందుగా మీ గుమ్మం దగ్గరికే వస్తారు. (రిజిస్టరైన చిట్టీలు వేరు. వాటికి 1982 చిట్‌ఫండ్ చట్టం ఉంది.)

మరి సరైన కంపెనీని ఎలా గుర్తుపట్టాలి? 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చేరడానికి రుసుము అడగకూడదు, అమ్ముకోగలిగినదానికి మించి సరుకు అంటగట్టకూడదు, కేవలం మనిషిని చేర్పించినందుకు డబ్బివ్వకూడదు. మనసు మార్చుకుంటే వెనక్కి తప్పుకునే గడువు, అమ్ముడుపోని సరుకు వాపసు తీసుకునే ఏర్పాటు ఉండాలి. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు పిరమిడ్ పథకాలను సూటిగా నిషేధించాయి. అమ్మేవారు ముందుగా చెప్పి, గుర్తింపు కార్డుతోనే ఇంటికి రావాలి.

ఇవన్నీ గుర్తుండకపోయినా, మీటింగులో ఒక్క ప్రశ్న అడగండి: "కమీషన్ అనేదే లేకపోతే ఈ డబ్బాను ఈ ధరకు ఎవరు కొంటారు?" సూటిగా జవాబిచ్చేవారితో మాట్లాడవచ్చు. "మీది నెగటివ్ థింకింగ్ మేడమ్" అంటే చెప్పులేసుకుని వచ్చేయండి.

ఇప్పటికే కట్టి ఉంటే కొత్తవాళ్లను చేర్పించడం ఈరోజే ఆపండి. రసీదులు, యూపీఐ వివరాలు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. కంపెనీకి వాపసు కోరుతూ రాతపూర్వకంగా పంపండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆన్‌లైన్లో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.