తవ్వని సొరంగము

నల్లగొండ కళాశాల నుండి మహబూబ్‌నగర్‌కు మార్కుల పట్టిక పంపవలెననుకొందము. గుప్తపరచకుండ ఇంటర్నెట్‌లో పంపిన, అది పోస్టుకార్డు వంటిది. దారిలో చదువవచ్చును, దిద్దవచ్చును.

కృష్ణాజలములను నల్లగొండకు తెచ్చుటకై చేపట్టిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగమునకు కొండను తొలువవలెను. కంప్యూటర్ల సొరంగమునకు తవ్వకము లేదు. దానికి తాళపుచెవులే గోడలు.

ప్రతి కంప్యూటరు రెండు తాళపుచెవులను చేసికొనును. బహిరంగమైన దానిని ఎదుటివారికిచ్చును. రహస్యమైనది గడప దాటదు. 1976లో డిఫీ, హెల్‌మన్‌లు ప్రకటించిన పద్ధతిలో తన రహస్యమును ఎదుటివారి బహిరంగముతో కలుపగా, ఇరువురికి ఒకే సంకేతము లభించును. దానితో లోపలి విషయమును గుప్తపరచి, పైన చిరునామా మాత్రము ఉంచుదురు. 2020లో లినక్స్ 5.6లో చేరిన వైర్‌గార్డ్‌కు ఇదియే పునాది.

అయితే అందిన తాళపుచెవి మిత్రునిదేనా యని ఫోనులో సరిచూచుకొనుడు. దారి ఎంత భద్రమైనను, ఇంటి తలుపు తెరచియున్నచో దొంగకు సొరంగముతో పనిలేదు.